ఈ పూటకి చాలు

అందరికీ నమస్కారం. ముందుగా నాదొక ఫిర్యాదు. పీహెచ్‌డీ చేస్తున్న మీతో పనికీ జీవితానికీ మధ్య సమతుల్యం గురించి మాట్లాడమని నన్ను పిలిచారు, సంతోషం. కానీ పిలిచింది రెండో శనివారం, అదీ మధ్యాహ్నం భోజనాలయ్యాక. ఈ హాల్లో ఉన్నవాళ్లలో సగం మందికి ఇది బట్టలు ఉతుక్కునే టైము. మిగతా సగం మంది కునుకు తీయాల్సిన టైము. నిర్వాహకులు నవ్వుతున్నారు కాబట్టి ఇక ముందుకు వెళ్తాను.

ఈ వర్క్ లైఫ్ బ్యాలెన్స్ అనే మాట ఒకసారి మా నాన్నకి చెప్పి చూశాను. మాది దివిసీమలో ఒక పల్లెటూరు. ఆయన వరి రైతు. "పని వేరూ, బతుకు వేరూనా?" అని అడిగాడు. ఆయన ఏడాది ఎలా ఉండేదో చెప్తాను. డిసెంబర్లో కోతలు. కోతకి రెండు మూడు రోజుల ముందే, వరి చేలో ఉండగానే మినుములు చల్లేవాళ్లు. సంక్రాంతికి అటూ ఇటూగా కుప్పనూర్పిళ్లు. మార్చి దాటేలోపు మినుములు కూడా ఇంటికొచ్చేవి. ఆ నాలుగు నెలలూ ఆయన ఎప్పుడు పడుకునేవాడో, ఎప్పుడు లేచేవాడో మాకు తెలిసేది కాదు. ఎండాకాలం కాలవలు కట్టేశాక మాత్రం, మళ్లీ నీళ్లు వదిలేదాకా రావిచెట్టు కింద అరుగు మీద పేకాటే పేకాట. అమ్మ తిట్టేది, ఆయన నవ్వేవాడు. పని అయిపోయిందని ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. బస్తాలు లెక్కపెట్టుకుంటే తెలిసిపోయేది.

పీహెచ్‌డీలో బస్తాలు ఉండవు. సాయంత్రం ఆరింటికి బల్ల మీద పుస్తకాలు మూసి "ఇవాళ్టికి అయింది" అనుకోవడానికి లెక్కపెట్టదగ్గ వస్తువు ఏదీ ఉండదు. చదవాల్సిన పేపరు ఎప్పుడూ ఇంకొకటి మిగిలే ఉంటుంది. ప్రయోగం సరిగ్గా వస్తే ఇంకోసారి చేసి చూడాలి, రాకపోతే సరేసరి. ఇంట్లోవాళ్లు "ఎప్పుడు అయిపోతుందమ్మా?" అంటే మనం ఇచ్చే జవాబుని మనమే నమ్మం. ఈ గొడవ మొత్తంలో నాకు మూలంగా కనిపించేది ఇదే. ఎక్కువ గంటలు పనిచేయడం వల్ల మనుషులు చితికిపోవడం నేను తక్కువే చూశాను. మా నాన్న మనకంటే ఎక్కువే చేశాడు. పని చేస్తున్నప్పుడు సగం పని, పడుకున్నప్పుడు సగం నిద్ర, సినిమాకి వెళ్తే ఇంటర్వెల్లో అపరాధ భావం. ఇలా ఐదారేళ్లు గడిపినవాళ్లని చాలామందిని చూశాను. వాళ్లలో నేనూ ఉన్నాను.

నేను పరిశోధన చేసిన రోజుల్లో, తొంభైలలో, మా ల్యాబులో ఒక రాయని రూలు ఉండేది. సార్ గదిలో లైటు ఆరేదాకా ఎవరూ కదలకూడదు. సార్ ఎప్పుడూ ఆ మాట అనలేదు. మాకు ముందు చేరిన సీనియర్లు కూర్చునేవాళ్లు, మేమూ కూర్చున్నాం. ఎనిమిదింటికి పని అయిపోయినా కడిగిన టెస్ట్ ట్యూబులే మళ్లీ కడుగుతూ, గ్రాఫు పేపరు మీద గీసిన గీతే మళ్లీ గీస్తూ తొమ్మిదిన్నర దాకా ఉండేవాళ్లం. అప్పుడు లైటు ఆరేది. మేం పరుగెత్తుకుంటూ మెస్సుకి వెళ్తే చారు మాత్రం మిగిలి ఉండేది. నా వైవా, అంటే పీహెచ్‌డీ చివరి మౌఖిక పరీక్ష, అయిన రోజు టీ తాగుతూ ధైర్యం చేసి అడిగాను, "సార్, మీరు రోజూ అంత రాత్రి దాకా ఏం చేసేవారు?" అని. ఆయన ఆశ్చర్యపోయాడు. "మీరంతా పనిచేస్తుంటే నేను వెళ్లిపోతే ఏం బావుంటుందమ్మా? ఆడపిల్లలు కూడా ఉండేవాళ్లు. అందుకని పేపరు చదువుకుంటూ కూర్చునేవాణ్ణి" అన్నాడు. ఆయన భార్య రోజూ అన్నం చల్లారిపోతోందని గొడవపడేదట. ఐదేళ్ల పాటు ఆయన మా కోసం, మేం ఆయన కోసం కాపలా కాశాం. ఒక్కరైనా ఒక్కసారైనా నోరు తెరిచి అడిగి ఉంటే మెస్సులో కూర తినేవాళ్లం.

ఆ ల్యాబులో గోడ మీద యల్లాప్రగడ సుబ్బారావు గారి ఫోటో ఉండేది. బయోకెమిస్ట్రీ చదివినవాళ్లకి ఆయన పేరు రోజూ చేతిలో పడేదే. ఫాస్ఫేట్ ఎంత ఉందో కొలవడానికి ఇప్పటికీ చేసే పద్ధతి ఆయనా, హార్వర్డ్‌లో ఫిస్కే అనే ఆయనా కలిసి 1925లో ప్రచురించినదే. మాలిబ్డేట్ ద్రావణం కలిపి, ఆ తర్వాత రిడ్యూసింగ్ ద్రావణం వేస్తే, పది నిమిషాల్లో ట్యూబులో నీలం రంగు వస్తుంది. ఫాస్ఫేట్ ఎంత ఎక్కువుంటే అంత చిక్కటి నీలం. దాన్ని కలరీమీటర్లో పెట్టి కొలుస్తాం. ఈ పని నేను కొన్ని వందల సార్లు చేసి ఉంటాను. భీమవరంలో పుట్టిన మనిషి, అమెరికాలో చదువుకుంటూ పొట్టకూటికి ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాలెత్తిన మనిషి, కణాలకి శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థాన్ని కనిపెట్టినవాళ్లలో ఒకడు. ఆ తర్వాత లెడర్లీ కంపెనీలో ఫోలిక్ యాసిడ్, క్యాన్సర్‌కి వాడే మెథోట్రెక్సేట్ లాంటి మందుల వెనక ఉన్నవాడు. "ఆయనలా పనిచేయాలి" అని మా సార్లు ఆ ఫోటో చూపించేవాళ్లు. చూసి నేనూ కడిగిన ట్యూబులే మళ్లీ కడిగేదాన్ని.

చాలా ఏళ్లకి గానీ శేషగిరి గారి గురించి తెలియలేదు నాకు. ఆమె సుబ్బారావు గారి భార్య. ఆయన అమెరికా ప్రయాణానికి డబ్బు సర్దినవాళ్లలో ఆమె తండ్రి ఉన్నాడు. సుబ్బారావు గారు వెళ్లాక కొడుకు పుట్టాడు, పసితనంలోనే పోయాడు. తండ్రి ఆ పిల్లవాణ్ణి చూడలేదు. ఆ తర్వాత పాతికేళ్లలో ఒక్కసారి కూడా ఆయన దేశానికి తిరిగి రాలేదు. 1948 ఆగస్టులో, యాభై మూడేళ్ల వయసులో, నిద్రలోనే చనిపోయాడు. ఆమె ఇక్కడే ఉండిపోయింది. ఆయన గొప్పతనం తగ్గించాలని నేనీ మాట చెప్పడం లేదు. ఆ మందులతో బతికినవాళ్లని లెక్కపెట్టడం ఎవరివల్లా కాదు. కానీ ఆ ఫోటో చూపించి పిల్లలకి చెప్పే కథలో ఆమె ఎందుకు లేదు? గోడ మీద ఉన్నది సగం కథే. అది చూసే కదా మనం ఇంటికి ఫోన్ చేయడం కూడా సోమరితనం అనుకున్నది.

ఫోన్ అంటే గుర్తొచ్చింది. అప్పట్లో ఎస్టీడీ బూత్. రాత్రి పదకొండు దాటితే పావు రేటు. పదకొండింటికి మా ఊళ్లో ఎవరు మేల్కొని ఉంటారు? ఫోన్ ఉన్నది కిరాణా కొట్టాయన ఇంట్లో. ఆయన్ని లేపి, ఆయన వెళ్లి అమ్మని లేపి, ఆవిడ వచ్చేసరికి మీటరు తిరిగిపోతుండేది. "ఏమ్మా, తిన్నావా?" "తిన్నానమ్మా, ఉంటాను." ఇంతే. ఇప్పుడు మీకు ఫోన్ ఖర్చు లేదు. అయినా మాటలు ఇంతకంటే ఎక్కువేం లేవని మీ అమ్మానాన్నలు నాతో అంటుంటారు, అడ్మిషన్లప్పుడు వచ్చినప్పుడు.

సరే, డబ్బు సంగతి. దీన్ని వదిలేసి యోగా, టైమ్ టేబుల్ అని చెప్పే ఉపన్యాసాలంటే నాకు చిరాకు. నెట్ పరీక్ష రాసి జేఆర్‌ఎఫ్, అంటే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్, తెచ్చుకున్నవాళ్లకి 2023 జనవరి నుంచి నెలకి 37,000 రూపాయలు, అది సీనియర్ ఫెలోషిప్ (ఎస్‌ఆర్‌ఎఫ్) అయ్యాక 42,000. ఇంటద్దె భత్యం వేరు. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో ఆ ఫెలోషిప్ లేని నాన్ నెట్ స్కాలర్‌కి 8,000. 2015లో దాన్ని కూడా ఎత్తేస్తామంటే విద్యార్థులు ఢిల్లీలో యూజీసీ, అంటే విశ్వవిద్యాలయ నిధుల సంఘం, ఆఫీసు ముందు వారాల తరబడి కూర్చున్నారు. ఫెలోషిప్ నిలిచింది, ఎనిమిది వేలు ఎనిమిది వేలుగానే ఉండిపోయింది. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఆ ఎనిమిది వేలు కూడా లేనివాళ్లు ఎంతోమంది. వాళ్లు పొద్దున్న జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పి, మధ్యాహ్నం లైబ్రరీకి వచ్చి, సాయంత్రం మళ్లీ ట్యూషన్లకి వెళ్తారు. అలాంటి అబ్బాయికి "కాస్త విశ్రాంతి తీసుకో నాయనా" అని చెప్పడం నాకు సిగ్గుగా ఉంటుంది. ఫెలోషిప్ ఉన్నవాళ్లకి కూడా అది నెలనెలా పడుతుందన్న నమ్మకం లేదు. మూడు నెలలు పడకపోతే మెస్ బిల్లు బకాయి. ఆ బకాయి బుర్రలో తిరుగుతుంటే పేపరు ఏం చదువుతాం? స్కాలర్ పని వెనకబడింది అన్నప్పుడు నేనిప్పుడు మొదట అడిగేది, "డబ్బులు పడ్డాయా?" అని.

రూళ్ల దగ్గర కాస్త ఆగాలి. ఎందుకంటే చాలామంది చదవరు. జేఆర్‌ఎఫ్ నిబంధనల ప్రకారం ప్రభుత్వ సెలవులు కాక ఏడాదికి 30 రోజులు సెలవు మీకు ఉంది. వేసవి సెలవులు లేవు, అది వేరే సంగతి. ఈ 30 రోజులు మీ గైడ్ దయతో ఇచ్చేవి కావు. 2022 నవంబరులో వచ్చిన యూజీసీ నిబంధనల్లో పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. రీ రిజిస్ట్రేషన్‌తో ఇంకో రెండేళ్లు. ఆడవాళ్లకీ, నలభై శాతం మించి వైకల్యం ఉన్నవాళ్లకీ ఆపైన మరో రెండేళ్లు. మహిళా స్కాలర్‌కి ప్రసూతికో, పిల్లల సంరక్షణకో మొత్తం మీద 240 రోజుల దాకా సెలవు. నాకు పాప పుట్టింది నాలుగో సంవత్సరంలో. అప్పుడు ఈ సంగతి ఎవరిని అడగాలో కూడా తెలియలేదు. నలభై రోజులకి తిరిగొచ్చాను. అమ్మ ఊరు వదిలి వచ్చి, ఒక్క గదిలో నాతో ఉంది. నేను సెంట్రిఫ్యూజ్ తిప్పుతున్నప్పుడు ఆవిడ పాపని ఎత్తుకుని డిపార్ట్‌మెంట్ వెనక చింతచెట్టు కింద కూర్చునేది. ఒకాయన వచ్చి "ఇది పిల్లల పార్కా?" అన్నాడు. అమ్మ లేచి నిలబడి, నేను వచ్చేదాకా అలాగే నిలబడి ఉంది.

ఇక గైడ్లుగా మన సంగతి. ఇక్కడ అధ్యాపకులు కూడా ఉన్నారు, మీకూ కొన్ని మాటలు. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి కాగితం మీద వారానికి 40 గంటల పని, అందులో 16 గంటలు క్లాసులు. కాలేజీలని తనిఖీ చేసి గుర్తింపు ఇచ్చే న్యాక్ బృందం వస్తోందంటే ఆ కాగితానికి అర్థం లేదు. ఫైళ్లూ, ఫోటోలూ, పాత రిజిస్టర్లూ. పగలంతా వాటికే పోయి మన సొంత పని రాత్రికి జరుగుతుంది. రాత్రికి జరిగింది కాబట్టి రాత్రే మెసేజ్ పెడతాం. నేనూ పెట్టాను. ఒకసారి పదకొండున్నర దాటాక నా స్కాలర్ ఒకామెకి ఒక ఫిగర్ మార్చమని వాట్సాప్ పంపాను. ఆ రాత్రే మార్చమని నా ఉద్దేశం కాదు, మర్చిపోతానేమోనని పంపాను, అంతే. మూడు నిమిషాల్లో "ఎస్ మేడమ్, చూస్తున్నాను" అని జవాబు. రెండింటికి మార్చిన ఫిగర్ వచ్చింది. నేను నిద్రపోతున్నాను. తర్వాతెప్పుడో తెలిసింది, నా మెసేజ్‌కి వేరే రింగ్‌టోన్ పెట్టుకుని ఫోను దిండు కింద పెట్టుకుని పడుకుంటుందట. ఏ పాటో ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు. మా సార్ గదిలో లైటు ఇప్పుడు ఫోన్లోకి వచ్చింది.

అప్పటినుంచి మా ల్యాబులో ఒక పని చేస్తున్నాం. జనవరిలో వెంకట్రామా అండ్ కో క్యాలెండర్ గోడకి తగిలించగానే అందరం నిలబడి ఎవరెవరు ఎప్పుడు ఇంటికి వెళ్తారో ఎర్ర పెన్నుతో గుర్తుపెట్టుకుంటాం. ల్యాబులో పెంచే కణాలకి పండగలు లేవు, రెండు మూడు రోజులకోసారి వాటి మీడియా, అంటే అవి పెరిగే పోషక ద్రవం, మార్చాలి. అందుకే ఉగాదికి ఒకరు, రంజాన్‌కి ఇంకొకరు డ్యూటీ ఉంటారు. రాత్రి తట్టినవి నేను కాగితం మీద రాసుకుని పొద్దున్న పంపుతాను. ఇదేదో గొప్ప ఏర్పాటు అని కాదు. పోయిన ఏడాది ఒకబ్బాయి సబ్మిషన్ ముందు ఈ క్యాలెండర్ పూర్తిగా తలకిందులైంది, అందరూ నా మీద అలిగారు. కానీ "ఇవాళ ఏం చేస్తే ఈ పూటకి చాలు?" అని పొద్దున్నే ఒకరినొకరు అడుక్కోవడం అలవాటైంది. ఒక జెల్ రన్, రెండు పేజీల రాత, ఏదో ఒకటి. అది అయితే మధ్యాహ్నం మూడింటికైనా వెళ్లిపోవచ్చు. మొదట్లో మూడింటికి వెళ్లేవాళ్లు దొంగల్లా వెనక మెట్ల మీంచి దిగేవాళ్లు. ఇప్పుడు ముందు గుమ్మం నుంచే వెళ్తున్నారు.

ఒక్క విషయం మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. 2018లో నేచర్ బయోటెక్నాలజీ పత్రికలో 2,279 మందిని అడిగి చేసిన సర్వే వచ్చింది, ఎక్కువమంది పీహెచ్‌డీ విద్యార్థులే. మామూలు జనంతో పోలిస్తే వీళ్లలో డిప్రెషన్, ఆందోళన ఆరు రెట్లు ఎక్కువని తేలింది. ఇష్టమైనవాళ్లే జవాబిచ్చిన సర్వే కాబట్టి ఆ ఆరు రెట్లనే పట్టుకు వేలాడక్కర్లేదు. కానీ నిద్ర పట్టక, తిండి సహించక, ల్యాబు మెట్లెక్కాలంటే కాళ్లు వణికితే అది టెన్షన్ కాదు, బద్ధకం అసలే కాదు. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలీ మానస్, నంబరు 14416. ఏ వేళైనా, తెలుగులో మాట్లాడొచ్చు. ఇప్పుడే ఫోన్లో వేసుకోండి. మీకు అవసరం లేకపోతే మీ రూమ్మేట్‌కి ఉండొచ్చు.

ప్రశ్నలుంటే అడగండి, నాకు ఐదున్నర దాకా టైముంది. అయిదు ముప్పావుకి మా మనవరాలితో ఫోను ఉంది, అది మిస్సయితే నాకు మాట పడుతుంది. నాలుగింటికి మీడియా మార్చాల్సినవాళ్లు ఎవరైనా ఉంటే లేచి వెళ్లండి, నేనేం అనుకోను.