గట్టుకు అటు వాగు, ఇటు వాగు: మధ్య అడవి ఎవరిది?

హోస్ట్: నమస్కారం. ఈరోజు మనతో వన్యప్రాణుల కారిడార్ల మీద, అంటే జంతువులు ఒక అడవి నుంచి ఇంకో అడవికి వెళ్లే దారుల మీద పనిచేసే మేడమ్ ఉన్నారు. మేడమ్, నేరుగా అడిగేస్తాను. ఒక నది పరీవాహకంలో అడవిని కాపాడుతున్నారు, పక్క నది పరీవాహకంలోనూ కాపాడుతున్నారు. ఇంకేం కావాలి?

అతిథి: మ్యాప్‌లో చూస్తే రెండూ పచ్చగానే ఉంటాయండీ. తంటా అంతా మధ్యలో ఉన్న కొండ గట్టు మీదే. వాన నీరు ఆ కొండ నెత్తిన పడి సగం అటు, సగం ఇటు దిగుతుంది. నదుల పేరుతో పెట్టుకున్న కమిటీలు, వాటి నిధులు కూడా అక్కడికే ఆగిపోతాయి. వాగు ఒడ్డున చెట్లు కొట్టొద్దని నియమం పెడతారు, మంచిదే. కానీ చాలాచోట్ల ఆ రక్షణ వాగు పుట్టే చోటు దాకా కూడా రాదు. గట్టుకు ఇటో వాగు పుడుతుంది, అటో వాగు పుడుతుంది. మధ్యలో ఒక్కోసారి కొన్ని వందల అడుగులే ఉంటుంది. ఆ ముక్క ఎవరికీ పట్టదు.

హోస్ట్: వందల అడుగులు జంతువుకి ఓ లెక్కా?

అతిథి: జింకకైతే కాదు. సాలమాండర్‌కి లెక్కే. చూడటానికి బల్లిలా ఉంటుంది గానీ కప్పలకు చుట్టం. వీటిలో ఒక పెద్ద కుటుంబానికి ఊపిరితిత్తులే ఉండవు, చర్మంతోనూ నోటి లోపలి పొరతోనూ గాలి పీల్చుకుంటాయి. ఒళ్లు తడారితే ప్రాణం పోయినట్టే. గట్టు మీద చెట్లు కొట్టేస్తే ఆ ఎండ నేలను దాటడం వాటి వల్ల కాదు. అందుకే అమెరికా పసిఫిక్ తీరపు అడవుల్లో పనిచేసిన శాస్త్రవేత్తలు ఈ వాగు మొదలు నుంచి ఆ వాగు మొదలు దాకా, గట్టు మీదుగా, నీడ పట్టీ ఒకటి వదలమంటారు. కూలిన మానుల్ని కూడా అలాగే ఉంచాలి. వాటి కింది తడిలోనే ఇవి తలదాచుకుంటాయి. అడవిని శుభ్రం చేస్తున్నామని దుంగలు ఏరించేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

హోస్ట్: (నవ్వు) మరి పెద్ద జంతువుల సంగతి?

అతిథి: వాటి విషయంలో నష్టం ఆలస్యంగా బయటపడుతుంది. ఫ్లోరిడా పాంథర్‌నే తీసుకోండి, అది అమెరికాలోని ఫ్లోరిడాలో ఉండే ప్యూమా అనే పెద్ద పిల్లి. 1990ల మొదట్లో 20, 30 మాత్రమే మిగిలాయి. మిగతా ప్యూమాలతో సంబంధం తెగిపోయి, దగ్గరి చుట్టాల మధ్యే పిల్లలు పుట్టడంతో తోకలు వంకర పోయాయి, గుండె లోపాలు వచ్చాయి. 1995లో టెక్సాస్ నుంచి 8 ఆడ ప్యూమాల్ని తెచ్చి వదిలితే సంఖ్య దాదాపు మూడింతలైంది. తెచ్చి వదలాల్సి వచ్చిందంటే, వాటంతట అవి వచ్చే దారి లేదనేగా! తరానికి ఒక్క జంతువైనా బయటి నుంచి వచ్చి సంతానం కంటే చాలన్నది పాత లెక్క. ఒకటి సరిపోదు, పది దాకా కావాలనేవాళ్లూ ఉన్నారు.

హోస్ట్: దారికి అడ్డం రోడ్లే కదా?

అతిథి: అదే మరి! కనుమ ఎక్కడుంటే రోడ్డూ అక్కడే పడుతుంది. ఎక్కడం మనకు తేలికైన చోటే ఎలుగుకీ తేలిక. కెనడాలోని బాన్ఫ్‌లో హైవే మీద 6 పై వంతెనలు, 38 కింది దారులు కట్టి, పొడవునా ఫెన్సింగ్ వేశారు. జంతువుల్ని గుద్దే ప్రమాదాలు 80 శాతానికి పైగా తగ్గాయి. ఫెన్సింగ్ లేకుండా వంతెన ఒక్కటే కడితే పెద్దగా ఫలితం ఉండదు. గ్రిజ్లీ ఎలుగులకు విశాలమైన పై వంతెనలు నచ్చాయి, ప్యూమాలు ఇరుకు దారులకే మొగ్గు చూపాయి. గ్రిజ్లీలు అలవాటు పడటానికి ఏళ్లు పట్టింది. ఏడాదికే లెక్క తీసి డబ్బు దండగ అనేస్తే ఎలా?

హోస్ట్: ఇంత కలపమంటున్నారు కదా, నీళ్లను కూడా కలిపేస్తే పోలా?

అతిథి: అమ్మో, అక్కడ మాత్రం ఆగండి. 1900లో అమెరికాలో తెరిచిన షికాగో కాలువ గ్రేట్ లేక్స్ అనే పెద్ద సరస్సుల్ని మిసిసిపి నదీ వ్యవస్థతో కలిపింది. 1988లో గ్రేట్ లేక్స్‌లో కనిపించిన జీబ్రా మసెల్ అనే ఆల్చిప్ప కొన్నేళ్లలోనే మిసిసిపి వైపు దిగి నీటి పైపుల్ని పట్టేసింది. మిసిసిపి నుంచి ఆసియా కార్ప్ చేపలు గ్రేట్ లేక్స్‌లోకి ఎక్కకుండా కాలువలో కరెంటు అడ్డుగోడ పెట్టాల్సి వచ్చింది, అది 2002 నుంచి నడుస్తోంది. గట్టుకు అటూ ఇటూ ఉన్న చేపలు వేల ఏళ్లుగా వేరువేరుగా బతికినవి. కాబట్టి నేల మీద దారి ఇవ్వండి, నీళ్లను మాత్రం కలపకండి. చేపలకు సాయం చేయాలంటే వాటి వాగులోనే బోలెడు పని ఉంది. రోడ్డు కింద తూము వాగు మట్టానికి పైన వేలాడుతుంటే చేప ఎగరలేక అక్కడే ఆగిపోతుంది.

హోస్ట్: సరే, రేపు పని మొదలుపెట్టాలంటే?

అతిథి: రెండు వైపుల కమిటీలూ ఒకే మ్యాప్ ముందు కూర్చోవాలి. అన్ని గట్లూ మనకక్కర్లేదు. తక్కువ ఎత్తు కనుమలు, నీడ మిగిలిన చోట్లు గుర్తుపెట్టుకుని ముందు అక్కడ కెమెరాలు కట్టాలి. ఆ భూమి ప్రైవేటుదైతే చేతులు మారకముందే యజమానితో ఒప్పందం చేసుకోవాలి. ఇల్లు లేచాక కంచె తీయమంటే ఎవరు తీస్తారండీ?

హోస్ట్: ఆ ఒప్పందాల్లో ఏం రాసుకోవాలో వచ్చే ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం. థాంక్యూ మేడమ్.