సూర్యుడి వెలుగులో కాల్షియం గీతలే ఎందుకంత ముదురు? నక్షత్రాల వర్ణపటాన్ని చదివే పద్ధతి

[తెర మీద: సూర్యుడి వర్ణపటం. ఎడమన ఊదా, కుడిన ఎరుపు. ఊదా అంచు నెమ్మదిగా పెద్దదవుతుంది.]

ఈ ఊదా అంచున రెండు లావుపాటి నల్లని గీతలు చూడండి. ఒకటి 393 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర, రెండోది 397 దగ్గర. రెండూ కాల్షియంవే. ఇప్పుడు ఎరుపు వైపు వద్దాం. 656 దగ్గరున్న ఈ గీత హైడ్రోజన్‌ది. వాటి ముందు ఇది చాలా సన్నం. మరి సూర్యుడిలో ఏది ఎక్కువ? గీతలను నమ్మితే కాల్షియం అనాలి. నిజానికి అక్కడ ఒక్కో కాల్షియం పరమాణువుకు నాలుగు లక్షలకు పైగా హైడ్రోజన్ పరమాణువులున్నాయి!

గీత ముదిరితే ఆ మూలకం ఎక్కువుందని అర్థం కాదు. ఈ సంగతి తేలడానికి శాస్త్రవేత్తలకు వందేళ్లు దాటింది.

[తెర మీద: నక్షత్రం కోత చిత్రం. లోపలి నుంచి బయలుదేరిన వెలుగు పలుచని పై పొరను దాటుతుంది.]

గీతలు ఎలా పడతాయో ముందు చూద్దాం. లోపలి దట్టమైన వాయువు నుంచి అన్ని రంగులూ బయలుదేరతాయి. పైన కాస్త చల్లని పొరలో ఉన్న పరమాణువులు తమకు సరిపడే రంగులను మాత్రం పట్టేసుకుంటాయి. ఆ రంగుల చోట మనకు నలుపు మిగులుతుంది. 1814లో ఫ్రౌన్‌హోఫర్ ఇలాంటి గీతలను ఐదు వందలకు పైగా గుర్తించాడు కానీ అవి ఎందుకున్నాయో చెప్పలేకపోయాడు. 1859లో కిర్కాఫ్ ఆ పని చేశాడు. మంటలో ఉప్పు వేస్తే వచ్చే పసుపు వెలుగు, సూర్యుడిలో 589 దగ్గరున్న జంట గీతలు, రెండూ సోడియం పనే.

[తెర మీద: హైడ్రోజన్ పరమాణువు, శక్తి స్థాయిలు. ఎలక్ట్రాన్ మొదటి స్థాయిలో ఉంది.]

ఇక అసలు లెక్క. కంటికి కనిపించే వెలుగును హైడ్రోజన్ పట్టుకోవాలంటే దాని ఎలక్ట్రాన్ అప్పటికే రెండో స్థాయిలో ఉండాలి. సూర్యుడి ఉపరితల ఉష్ణోగ్రత దాదాపు 5,770 కెల్విన్. ఆ వేడికి రెండో స్థాయిలో ఉండే హైడ్రోజన్ పరమాణువు సుమారు 20 కోట్లలో ఒక్కటి. అదే 20 కోట్ల హైడ్రోజన్ మధ్య కాల్షియం పరమాణువులు నాలుగు వందల పైచిలుకు ఉంటాయి. అవి దాదాపు అన్నీ ఒక ఎలక్ట్రాన్‌ను పోగొట్టుకుని, 393, 397 దగ్గరి వెలుగును పట్టడానికి సిద్ధంగా ఉంటాయి. అంటే పనిలోకి దిగేది ఇటు ఒక్కటి, అటు నాలుగు వందలు.

[తెర మీద: ఒకదాని కింద ఒకటిగా మూడు వర్ణపటాలు: అభిజిత్, సూర్యుడు, ఆర్ద్ర.]

అభిజిత్ ఉపరితలం 9,600 కెల్విన్ దరిదాపుల్లో ఉంటుంది. అక్కడ హైడ్రోజన్ గీతలు మహా బలంగా ఉంటాయి. ఇంకా వేడెక్కితే హైడ్రోజన్ ఎలక్ట్రాన్‌నే వదిలేస్తుంది, గీతలు మళ్లీ పలచబడతాయి. దాదాపు 3,500 కెల్విన్ దగ్గరున్న ఆర్ద్రలోనైతే టైటానియం ఆక్సైడ్ అణువులే చెక్కుచెదరకుండా ఉండి, వెడల్పాటి పట్టీలు వేస్తాయి. మూడింటిలోనూ ప్రధాన సరుకు ఒకటే. తేడా అంతా వేడిది.

ఇది తెలియకముందు హార్వర్డ్‌లో నక్షత్రాలను హైడ్రోజన్ గీతల బలాన్ని బట్టి ఏ, బీ, సీ అని వర్గీకరించారు. ఆనీ కానన్ వాటిని వేడి తగ్గే వరుసలో పెట్టేసరికి ఓ, బీ, ఏ, ఎఫ్, జీ, కే, ఎం మిగిలాయి. ఆ చిందరవందర అక్షరాలనే ఖగోళ విద్యార్థులు ఇప్పటికీ కంఠస్థం చేస్తున్నారు, పాపం!

ఆ వరుస వెనకున్న భౌతికశాస్త్రాన్ని 1920లో మేఘనాద్ సాహా సమీకరణంగా రాశాడు. ఏ ఉష్ణోగ్రత, ఏ పీడనం దగ్గర ఎన్ని పరమాణువులు ఎలక్ట్రాన్‌ను పోగొట్టుకుంటాయో అది చెబుతుంది. సిసీలియా పేన్ ఆ సమీకరణంతోనే హార్వర్డ్‌లోని వర్ణపటాల ఫొటో ఫలకాలను తిరిగి లెక్కగట్టింది. 1925 నాటి ఆమె సిద్ధాంత గ్రంథంలో హైడ్రోజన్, హీలియం మిగతావాటిని ఎక్కడో వెనక్కి నెట్టేశాయి. అది అసాధ్యమని ఆనాటి పెద్ద శాస్త్రవేత్త హెన్రీ రసెల్ అన్నాడు. దాంతో ఆమె ఆ ఫలితం దాదాపు కచ్చితంగా నిజం కాదని తన గ్రంథంలోనే రాసుకోవలసి వచ్చింది. 1929లో రసెల్ తన సొంత దారిలో లెక్కించి అదే మాటకొచ్చాడు. నన్నడిగితే ఈ కథలో ఎక్కువ పేరు రావలసింది ఆమెకే.

హీలియందైతే మరీ విచిత్రం. సూర్యుడి ఉపరితల ద్రవ్యరాశిలో దాదాపు నాలుగో వంతు అదే. అయినా దాని ఎలక్ట్రాన్‌ను కదిలించడానికి ఆ వేడి చాలదు కాబట్టి మామూలు నల్ల గీతల్లో దాని జాడ దొరకదు. 1868లో సూర్యుడి అంచున లేచే జ్వాలల వెలుగులో ఒక పసుపు గీతగా బయటపడింది. భూమి మీద చేజిక్కింది 1895లో.

[తెర మీద: ఒకే హైడ్రోజన్ గీత మూడు రూపాల్లో: సన్నగా, వెడల్పుగా, పక్కకు జరిగి.]

గీత ఆకారం కూడా మాట్లాడుతుంది. రైజెల్ లాంటి మహా తారలో వాయువు పలచన, పరమాణువుల రాపిడి తక్కువ, అందుకే గీత సన్నం. అభిజిత్‌లో పీడనం ఎక్కువ, గీత వెడల్పు. శ్రవణం గీతలు మరో కారణంతో చెదిరిపోతాయి: అది సెకనుకు 200 కిలోమీటర్లకు పైబడిన వేగంతో గిర్రున తిరుగుతోంది. గీత మొత్తంగా ఎరుపు వైపు జరిగితే నక్షత్రం మననుంచి దూరమవుతున్నట్టు. 656 దగ్గరి గీత 0.22 నానోమీటరు జరిగిందంటే వేగం సెకనుకు సుమారు 100 కిలోమీటర్లు.

[తెర మీద: ఎర్రని ముసలి నక్షత్రం. వర్ణపటంలో ఒక గీత మీద గురి గుర్తు.]

చివరిగా ఈ గీత. 1952లో పాల్ మెరిల్ కొన్ని ఎర్రని ముసలి నక్షత్రాల్లో టెక్నీషియం గీతలు పట్టుకున్నాడు. ఎక్కువ కాలం నిలిచే టెక్నీషియం కూడా 42 లక్షల ఏళ్లలో సగానికి తరిగిపోతుంది. ఆ నక్షత్రాల వయసు కోట్ల ఏళ్లు. పుట్టినప్పుడే ఉండి ఉంటే ఈపాటికి ఆనవాలు కూడా మిగిలేది కాదు. కాబట్టి ఆ మూలకాన్ని నక్షత్రమే ఈ మధ్య తన లోపల తయారుచేసి, పైకి తెచ్చుకుంది.