రొట్టె ఎవరి లేయర్‌లో ఉంది?

(నెల్లూరులో విద్యార్థుల పొట్టి సినిమాల ప్రదర్శన సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకూ, పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చిన తల్లిదండ్రులకూ నమస్కారం. పేరుపేరునా చెప్పడం మొదలుపెడితే నాకిచ్చిన సమయం అందులోనే అయిపోతుంది. నేరుగా విషయానికి వస్తాను.

నన్ను మాట్లాడమన్నది ఫిల్మ్ స్కూళ్ల గురించి. ఎక్కడ చేరాలి, ఏం నేర్చుకోవాలి అని. అది చెబుతాను. కానీ అంతకంటే ముందు తేలాల్సిన సంగతి ఒకటుంది. యానిమేషన్ కోర్సులో బొమ్మ వెయ్యడం నేర్పుతారు, సాఫ్ట్‌వేర్ నేర్పుతారు. చివరి ఏడాది ఆరేడుగురిని ఒక గ్రూపుగా కట్టి సినిమా తియ్యమంటారు. ఆ కలిసి పనిచెయ్యడం ఎట్లాగో మాత్రం ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. బొమ్మలు బాగా వేసే పిల్లలున్న గ్రూపు కూడా ఆగిపోయేది ఒకరి పని ఇంకొకరి చేతికి వెళ్ళేచోటే.

మన ఊరి సంగతితోనే చూద్దాం. స్వర్ణాల చెరువులో రొట్టెల పండగ మీద అయిదు నిమిషాల సినిమా అనుకోండి. కోరిక తీరినవాళ్లు రొట్టె ఇస్తారు, కోరుకునేవాళ్లు పుచ్చుకుంటారు. చదువు రొట్టె, ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె. నీళ్లలో నిలబడి ఉన్న ఇద్దరి చేతుల మధ్య రొట్టె మారే షాటు ఒకటి, నాలుగు సెకన్లు. తెర మీద పడే ఒక్కో నిలకడ బొమ్మను ఫ్రేము అంటారు. సెకనుకు 24 ఫ్రేములు, మొత్తం 96. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు నిలిపితే 48 బొమ్మలు. ఇచ్చే చెయ్యి ఒకమ్మాయి వేస్తుంది, పుచ్చుకునే చెయ్యి ఇంకో అబ్బాయి వేస్తాడు. ఇద్దరూ దిట్టలే.

రొట్టె ఎవరు వెయ్యాలి?

ఆ మాట ఎవరూ అడగరు. 41వ ఫ్రేములో పుచ్చుకునే వేళ్లు రొట్టెకు తగులుతాయి, 57లో ఇచ్చే వేళ్లు వదులుతాయి. ఆ మధ్య 16 ఫ్రేములు, అంటే సెకనులో మూడింట రెండు వంతుల సేపు, రొట్టె ఇద్దరి చేతుల్లోనూ ఉంది. ఆమె తన చేతితో పాటు రొట్టె వేసింది, అతనూ వేశాడు. రెండూ కలిపి చూస్తే అంచులు ఒకదాని మీద ఒకటి కూర్చోవు, రొట్టె వణుకుతుంది. లేదా అవతలివాళ్లు వేస్తారులే అని ఇద్దరూ వదిలేశారు. అప్పుడు ఉత్త చేతులు గాలిని ఇచ్చిపుచ్చుకుంటాయి.

ముందు వరసలో పిల్లలూ, మీ చేతిలో ఉన్న పుస్తకం పక్కవాళ్లకు ఇవ్వండి. నిదానంగా. చూశారా, బొటనవేలు పైన ఉంది, నాలుగు వేళ్లు కింద ఉన్నాయి. లేయర్ అంటే ఒకదాని మీద ఒకటి పరిచే పారదర్శకమైన పొర. కాబట్టి చెయ్యంతా ఒకే లేయర్‌లో వేస్తే కుదరదు. కింద నుంచి లెక్కపెట్టండి: ఇచ్చేవాళ్ల నాలుగు వేళ్లు, పుచ్చుకునేవాళ్ల నాలుగు వేళ్లు, వాటి మీద రొట్టె, ఆ పైన రెండు బొటనవేళ్లు. అయిదు లేయర్లు. రొట్టెకు సొంత లేయర్, దానికి ఒక్క మనిషే బాధ్యుడు. ఇంకో సంగతి, రొట్టె రేకు ముక్క కాదు. ఒక పక్కన పట్టుకుంటే రెండో పక్క వాలుతుంది. అవతలి వేళ్లు కిందికి రాగానే ఆ అంచు రెండు మూడు బొమ్మల్లో పైకి లేస్తుంది. మొదటి చెయ్యి వదిలాక వాలేది ఇటువైపు అంచు. బరువు అందుకున్న చెయ్యి రెండు బొమ్మల పాటు కాస్త కిందికి దిగి మళ్లీ లేవాలి. ఇది లేకపోతే ఎంత అందంగా వేసినా అందులో బరువు కనపడదు.

ఇదంతా రాసుకునే కాగితాన్నే ఎక్స్‌పోజర్ షీట్ అంటారు. ఫ్రేముకొక అడ్డు వరస, లేయర్‌కొక నిలువు గడి. మన షాటుకు 96 వరసలు, అయిదు గడులు. ఏ ఫ్రేములో ఏ నంబరు బొమ్మ అని రాస్తారు, గడి నెత్తిన వేసే మనిషి పేరు రాస్తారు. కంప్యూటర్లో టైమ్‌లైన్ ఉంది కదా, మళ్లీ కాగితం దేనికి అనుకోవద్దు. టైమ్‌లైన్ ఆ ఒక్క కంప్యూటర్లో ఉంటుంది. కాగితం గోడకు ఉంటుంది, ఆరుగురికీ కనపడుతుంది.

మనవైపు తోలుబొమ్మలాట కళాకారులకు ఇది కొత్త కాదు. బొమ్మకు భుజం దగ్గర, మోచేతి దగ్గర కంత పెట్టి ముడేస్తారు. కంత పక్కకు జరిగిందంటే చెయ్యి ఎత్తినప్పుడు భుజం ఊడినట్టు కనిపిస్తుంది. కత్తిరించిన ముక్కల బొమ్మను కదిలించే కటౌట్ యానిమేషన్‌లో రిగ్ చేసేటప్పుడు, అంటే ముక్కల్ని కీళ్ల దగ్గర కలిపేటప్పుడు, ముక్క తిరిగే బిందువును పివట్ అంటారు. అది సరిగ్గా ఆ కంతే. 1926లో జర్మనీలో లోటె రైనిగర్ నల్ల అట్ట బొమ్మల కీళ్లను తీగతో కట్టి పూర్తి నిడివి సినిమా తీశారు. మన పిల్లలు ఒక్క తోలుబొమ్మను చేత్తో పట్టుకుని, కీలు ఎక్కడుందో చూసి, అప్పుడు కంప్యూటర్ ముందు కూర్చోవాలని నా కోరిక.

లెక్కలకు వస్తాను. అయిదు నిమిషాలంటే 7200 ఫ్రేములు, 3600 బొమ్మలు. మనిషి రోజుకు 25 బొమ్మలు శుభ్రంగా పూర్తిచేస్తే ఒక్కరికి 144 రోజులు, ఆరుగురికి 24 రోజులు. అయితే ఆరుగురూ బొమ్మలే వేస్తే బ్యాక్‌గ్రౌండ్లు ఎవరు వేస్తారు, శబ్దం ఎవరు చూస్తారు, అన్నీ కలిపి కంపోజిటింగ్ ఎవరు చేస్తారు? అందుకే మొదటి సినిమా రెండు నిమిషాలు దాటొద్దు. కథను షాటు షాటుగా గీసుకున్న స్టోరీబోర్డుకు శబ్దం, సమయం జోడించి యానిమాటిక్ చెయ్యండి, అందరూ చూసి ఒప్పుకున్నాకే బొమ్మలు మొదలుపెట్టండి. బొమ్మలు పూర్తయ్యాక పది సెకన్లు కోసేస్తే 120 బొమ్మలు చెత్తబుట్టలోకి పోయినట్టే.

ఫ్రేము రేటు మొదటి రోజే గోడ మీద రాయండి. ఒకరు 24లో చేసింది ఇంకొకరు 25లో తెరిచారనుకోండి, 7200 ఫ్రేములు 288 సెకన్లకే అయిపోతాయి. శబ్దం 300 సెకన్లు ఉంది. చివరికి వచ్చేసరికి పన్నెండు సెకన్ల తేడా. పెదవులు ఒకచోట, మాట ఇంకోచోట. సెల్‌ఫోన్లో తీసిన వీడియో చూసి బొమ్మలు వేసేవాళ్లు మరీ జాగ్రత్త. ఫోన్లు ఎక్కువగా 30 దగ్గర తీస్తాయి, అదీ నిలకడగా ఉండదు. ముందు 24కు మార్చుకుని అప్పుడు వాడండి.

ఫైలు పేర్లు. ‘ఫైనల్’, ‘కొత్త ఫైనల్’, ‘అసలు ఫైనల్’ అని పెట్టొద్దు. షాటు నంబరు, పని పేరు, వెర్షన్ నంబరు, అంతే. షాట్లకు 010, 020, 030 అని పదేసి అంకెలు వదిలితే మధ్యలో 015 ఇరికించుకోవచ్చు. బ్లెండర్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో ఒకరి ఫైలు ఇంకొకరు తెరిస్తే గోడలు, బట్టలు అన్నీ గులాబీ రంగులో కనిపిస్తాయి. భయపడాల్సింది లేదు, టెక్స్‌చర్, అంటే వాటి పైన అతికించిన బొమ్మ ఫైలు, దొరకలేదని అర్థం. మీ డి డ్రైవ్ వాళ్ల దగ్గర లేదు. పాత్ అంటే ఫైలు ఎక్కడుందో చెప్పే చిరునామా. పాత్‌లను రిలేటివ్ చేసి, అంటే డ్రైవ్ పేరుతో కాకుండా మీ ఫైలు ఉన్న చోటు నుంచి చూసుకునేట్టు పెట్టి, ఫోల్డర్ మొత్తం ఇవ్వండి, లేదా టెక్స్‌చర్లను ఫైలులోనే ప్యాక్ చెయ్యండి. అందరి దగ్గరా బ్లెండర్ ఒకే వెర్షన్ ఉండాలి.

రెండర్, అంటే కంప్యూటర్ ఒక్కో ఫ్రేమును తుది బొమ్మగా తయారుచేసే పని, నేరుగా వీడియో ఫైలుగా పెట్టొద్దు. రాత్రి పెట్టి పడుకుంటారు, కరెంటు పోతుంది, ఆ ఫైలు మళ్లీ తెరుచుకుంటుందన్న భరోసా లేదు. పీఎన్‌జీ బొమ్మల వరసగా పెడితే అప్పటిదాకా వచ్చిన ఫ్రేములు భద్రంగా ఉంటాయి. ఆగిన నంబరు చూసి అక్కడి నుంచి మొదలుపెట్టండి. ఆ ఆఖరి ఫ్రేము సగమే రాసి ఉండొచ్చు, దాన్ని తీసేసి మళ్లీ చెయ్యండి.

ఇప్పుడు చెప్పబోయేది అధ్యాపకులు కూడా వినాలి. సినిమా అయిపోయాక పేర్లు వేసేటప్పుడు దర్శకుడి పేరు తెరంతా నిండుతుంది. కదలికలో ముఖ్యమైన భంగిమలు కీ బొమ్మలు, వాటి మధ్య నింపే బొమ్మలు ఇన్‌బిట్వీన్లు. ఆ ఇన్‌బిట్వీన్లు వేసిన అమ్మాయి పేరు ఉండదు. రొట్టె షాటులో అయిదారు కీ బొమ్మలు ఒకరు వేసి ఉంటారు, మిగిలిన నలభై పైచిలుకు బొమ్మలూ ఆ అమ్మాయి వేసింది. అది అన్యాయం. రేపు ఉద్యోగానికి పోయినప్పుడు షో రీల్‌లో, అంటే చేసిన పనులు చూపించే చిన్న వీడియోలో, ఆ షాటు చూపిస్తే నువ్వు చేసినట్టు రుజువేమిటని అడుగుతారు. ఎవరి పని ఏమిటో, తెర మీద ఏ పేరు ఎట్లా పడాలో పని మొదలయ్యే రోజే ఒక కాగితం మీద రాసి అందరూ సంతకం పెట్టండి. గ్రూపుకంతా ఒకే మార్కు వేసే కాలేజీల్లో పని చేసినవాళ్లకూ చెయ్యనివాళ్లకూ తేడా చూపే ఆధారం ఎక్స్‌పోజర్ షీట్ మీది పేర్లే. అధ్యాపకులారా, దయచేసి ఆ షీట్లు అడిగి తీసుకుని చూడండి. మార్కు వేసే ముందు చూడండి.

ఫిల్మ్ స్కూళ్ల మాట క్లుప్తంగా. అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ 1961 నుంచీ ఉంది, యానిమేషన్ ఫిల్మ్ డిజైన్ నేర్పుతుంది. కోల్‌కతాలో సత్యజిత్ రే పేరిట ఉన్న సంస్థలో యానిమేషన్ సినిమాకు విడిగా విభాగముంది. హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఉంది. ఎక్కడ చేరదలిచినా రోజూ మనుషుల్ని చూసి వేసిన స్కెచ్ పుస్తకం ఉండాలి. బస్టాండులో మూట ఎత్తుకునే మనిషి నడుము ఎటు వంగుతుందో వేసి ఉంచండి. తల్లిదండ్రులకు ఒక మాట. సాఫ్ట్‌వేర్ కోసం అప్పు చెయ్యొద్దు. బ్లెండర్, క్రిటా, ఓపెన్‌టూన్జ్ ఉచితం. 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ అందుకున్న లాట్వియా సినిమా బ్లెండర్‌లో చేసిందే. మన ఉదయగిరిలో పుట్టిన సింగీతం శ్రీనివాసరావు గారు మామూలు సినిమాలతో పాటు యానిమేషన్ సినిమాలూ తీశారు. ఇది మన జిల్లాకు దూరపు విద్యేమీ కాదు.

బయట బల్లల మీద 96 వరసల షీట్లు పెట్టించాను. ఇద్దరిద్దరుగా కూర్చోండి. ఒకరు ఇచ్చే చెయ్యి, ఒకరు పుచ్చుకునే చెయ్యి. పెన్సిలు పట్టే ముందు రొట్టె గడి నెత్తిన ఎవరి పేరో రాయండి.