చిగురును ఎదురెండలో చూడండి

అందరికీ నమస్కారం. మీలో ఎక్కువమంది ఫోన్‌తోనే ఫొటోలు తీస్తారు. అందుకే ఈ సాయంత్రం కెమెరాల ధరలు, లెన్సుల సంగతి ఎత్తను. ఫాల్గుణం చివరి నుంచి వైశాఖం దాకా మన బెజవాడ, గుంటూరు వీధుల్లో చెట్లు ఏం చేస్తాయో, దాన్ని ఫొటోలోకి ఎలా తెచ్చుకోవచ్చో చెబుతాను.

వసంతం ఫొటోలు అనగానే అందరి చూపూ పూల మీదికి పోతుంది. నా మటుకు నాకు మన ఊళ్ల వసంతం చిగుళ్లలోనే ఉంది. చలి దేశాల్లో చెట్టు నెలల తరబడి మోడుగా నిలబడుతుంది. మన రావి, కానుగ అలా కాదు. పాత ఆకు రాల్చిన కొద్ది రోజులకే కొత్త ఆకు తొడుగుతాయి. రావి చిగురు ముందు రాగి రంగులో మెరుస్తుంది, తర్వాత లేత పచ్చకు తిరుగుతుంది. మామిడిదీ వేపదీ కూడా ఎర్రటి చిగురే. ఆంథోసయనిన్ అనే పదార్థం లేత ఆకుకు ఆ ఎరుపునిస్తుంది. ఆకులో పత్రహరితం నిండేకొద్దీ ఎరుపు తగ్గిపోతుంది. ఇదంతా కొన్ని రోజుల ముచ్చట. పైగా ఒకే వీధిలో ఉన్న రెండు రావి చెట్లు కూడా ఒకేసారి చిగురించవు. ఆదివారం కారు వేసుకుని ఎక్కడికో వెళ్లి తీద్దామనుకుంటే ఈలోపు మీ ఇంటి ముందరి చెట్టు పచ్చబడిపోతుంది. రోజూ పాలకో పేపరుకో వెళ్లే దారిలో ఒక చెట్టును ఎంచుకోండి. దాన్నే అదే చోట నిలబడి, అదే వేళకు, వరసగా తీయండి. వారం తిరిగాక ఆ ఫొటోలన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. ఏ ఒక్క ఫొటోలోనూ కనబడని మార్పు కనబడుతుంది.

ఇప్పుడు వెలుగు సంగతి. సూర్యుడు మన వీపు వెనక ఉండాలని చిన్నప్పటి నుంచీ విన్నాం. పెళ్లి ఫొటోలకు అది సరే. చిగురుకు మాత్రం ఎండకు ఎదురుగా నిలబడండి. లేత ఆకు పలచగా ఉంటుంది కాబట్టి వెనక నుంచి పడ్డ ఎండ అందులోంచి మన వైపు వస్తుంది. ఈనెలన్నీ కనిపిస్తాయి, ఆకే వెలుగుతున్నట్టుంటుంది. ఆకు వెనక తెల్లటి ఆకాశం రాకుండా చూసుకోండి. నీడలో ఉన్న గోడో, నల్లటి మానో ఉంటే మంచిది. అలాంటి చోటు దొరికేదాకా రెండడుగులు అటూ ఇటూ జరగాలి. స్క్రీన్ మీద ఆకును ఒకసారి తాకితే పక్కన వెలుగు సర్దుకునే గీత వస్తుంది. దాన్ని కాస్త కిందికి లాగండి. సూర్యబింబాన్ని ఏదో ఒక కొమ్మ చాటున ఉంచండి. అన్నిటికంటే ముందు లెన్సు తుడవండి. మామూలు వెలుగులో వేలిముద్ర పట్టించుకోనక్కర్లేదు కానీ ఎదురెండలో ఫొటో అంతా మసక పరుచుకునేది దానివల్లే. ఏసీ కారులోంచి దిగగానే లెన్సు మీద ఆవిరి పడుతుంది. అది ఆరేదాకా ఆగండి.

విజయవాడ దాదాపు పదహారున్నర డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మే మొదటి పదిహేను రోజుల్లో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నీడలు కాళ్ల కిందే పడతాయి. మార్చి చివరికే మధ్యాహ్నపు ఎండ తెల్లబడిపోతుంది, రంగులు వెలిసిపోయినట్టు వస్తాయి. కాబట్టి పొద్దున ఆరు నుంచి ఎనిమిది మన సమయం. సాయంత్రం ఐదు తర్వాత బందరు కాలువ, ఏలూరు కాలువ గట్ల మీద కూడా వెలుగు మంచిగా ఉంటుంది. అయితే పైరగాలి మొదలైందంటే ఆకు నిలవదు. దగ్గరగా తీసే ఫొటోలు పొద్దునకే ఉంచుకోండి.

పూల గురించి అసలు చెప్పకుండా వదలను. కానుగ పూసినప్పుడు చెట్టు కింద మరమరాలు చల్లినట్టుంటుంది. ఫోన్‌ను నేలకు ఆనించి తీసి చూడండి. మోదుగ పూలతో ఇంకో చిక్కు ఉంది. ఎరుపు మరీ ఎక్కువైతే కెమెరా తట్టుకోలేదు. రేకుల మీది మెత్తదనం, గీతలు పోయి అంతా ఒక ఎర్ర ముద్దగా వస్తుంది. వెలుగు తగ్గిస్తూ పోండి, రేకు మీద గీత కనబడగానే ఆగండి. మే నెల తురాయికీ ఇదే పద్ధతి. గుంటూరు వైపు కల్లాల్లో ఆరబోసిన మిర్చికీ ఇంతే. కల్లంలో తీసేటప్పుడు రైతును అడిగి తీయండి, కాయ మీద కాలు పెట్టకండి. అది ఆయన ఏడాది కష్టం.

మామిడి చిగురు తిని కోయిల కూస్తుందని మన కవులు చెప్పారు. మీకు కోయిల కావాలంటే పండ్లున్న రావి, మర్రి దగ్గర వెతకండి. దాని ఆహారం ఎక్కువగా పండ్లే. నిగనిగలాడే నల్ల ఒళ్లు, ఎర్ర కళ్లు ఉంటే మగది. గోధుమ రంగు మీద తెల్ల చుక్కలుంటే ఆడది. చాలామంది దాన్ని కోయిలేనని గుర్తుపట్టరు. మగదాన్ని ఆకాశం ముందు తీస్తే నల్ల మచ్చే వస్తుంది. ఇక్కడ మాత్రం వెలుగు పెంచాలి.

చివరగా ఒక మాట, ఇది నాకు చాలా ముఖ్యం. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువుకు వెళితే పెలికాన్లు, పెయింటెడ్ స్టార్క్ కొంగలు దగ్గరగానే కనిపిస్తాయి. ఎగిరే ఫొటో కోసం చప్పట్లు కొట్టేవాళ్లు, రాళ్లు విసిరేవాళ్లు ఉంటారు. దయచేసి ఆ పని చేయకండి, చేసేవాళ్లను ఆపండి. ఎండలో పెయింటెడ్ స్టార్క్ రెక్కలు విప్పి నిలబడి గూటిలోని పిల్లలకు నీడ పడుతుంది. అది లేచిపోతే పిల్లలు ఎండకు మాడతాయి, గుడ్లుంటే కాకులు ఎత్తుకుపోతాయి. ఆ నీడ పట్టే దృశ్యమే తీయండి. ఎగిరే ఫొటో కంటే నాకు అదే విలువైనది. జూమ్ మరీ లాగితే ఫొటో చెదిరిపోతుంది. పిట్ట చిన్నగా ఉన్నా ఫర్వాలేదు, చెరువు, చెట్టు, మిగతా గుంపు అన్నీ వచ్చేలా తీయండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి. వెలుగు తగ్గించే గీత ఫోన్‌లో ఎక్కడుందో దొరకనివాళ్లు ముందుకు రండి, ఇక్కడే చూపిస్తాను.