వెనక యాక్సిల్ అరిగిపోతే బాగు చేయించాలా, మొత్తం మార్చాలా?

అందరికీ నమస్తే అండి. ముందు ఇది చూడండి. ఇప్పుడే ఈ ట్రక్కు వెనక యాక్సిల్ ఆయిల్ దింపాను. నా చేతిలో ఉన్నది డ్రెయిన్ ప్లగ్. చివర అయస్కాంతం ఉంది కదా, దాని మీద కాటుకలా నల్లటి ముద్ద పట్టింది. రెండు వేళ్ల మధ్య నలుపుతున్నాను, మెత్తగానే ఉంది. గేర్లు ఒరుసుకుంటే వచ్చే పొడి ఇది, దీనికి భయపడక్కర్లేదు. ఆగండి, ఇక్కడ వేలికి ఏదో గుచ్చుకుంది. లైటు దగ్గరికి తెస్తాను. గోటి చివరంత ముక్క, ఒక పక్క తళతళ మెరుస్తోంది. ఇది పొడి కాదండీ, గేరు పన్ను నుంచి ఊడిన ముక్క.

ఇలాంటిది కనబడగానే ఎవరికైనా టెన్షనే. చుట్టూ ఉన్నవాళ్లలో ఒకరు "గేర్లు, బేరింగులు మార్చేయండి, సరిపోతుంది" అంటారు. ఇంకొకరు "ఆ తలనొప్పి ఎందుకు, యాక్సిల్ మొత్తం దింపేసి వేరేది ఎక్కించండి" అంటారు. ఇద్దరూ విప్పి చూడకుండానే చెబుతారు. నేను మాత్రం హౌసింగ్, అంటే యాక్సిల్ బయటి ఇనుప డొల్ల, చూశాకే మాట్లాడతాను. క్రౌన్ అనే పెద్ద గేరు, దాన్ని తిప్పే చిన్న గేరు పినియన్, బేరింగులు, ఆయిల్ కారకుండా ఆపే సీళ్లు అన్నీ కొత్తవి వేసుకోవచ్చు. వాటిని పట్టి ఉంచే హౌసింగ్ దెబ్బతింటే ఎంత మంచి గేర్లు వేసినా నిలవవు.

ఇది నాకు చేతులు కాలాక తెలిసింది. ఒకసారి నా బండికి గ్యారేజీలో కొత్త క్రౌన్, పినియన్ వేయించాను. కొన్ని వారాలకే మళ్లీ ఊళ మొదలైంది. విప్పితే పినియన్ బేరింగ్ బయటి రేసు, అంటే బయటి ఉక్కు రింగు, హౌసింగ్‌లో వదులైపోయి ఉంది, వేలితో తోస్తే జారి వచ్చేసింది. బిగువుగా, కొడితే తప్ప దిగకూడని రేసు అది. మొదటిసారి విప్పినప్పుడే ఎవరో ఒకరు చూసి ఉండాల్సింది. చూడలేదు. కొత్త గేర్లు పోయాయి.

అందుకే ఇప్పుడు ముందు రోడ్డు మీద వింటాను. యాక్సిలరేటర్ తొక్కితే ఊళ వచ్చి, వదిలితే మారిందంటే క్రౌన్, పినియన్ వైపు అనుమానం. వేగంతో పాటు గరగరమని పెరుగుతుంటే బేరింగు. మలుపులో ఒక పక్కకే ఎక్కువైతే చక్రం బేరింగు కావచ్చు. గేరు వేయగానే టక్కుమంటే యాక్సిల్‌నే తప్పుపట్టకండి, గేర్‌బాక్స్ నుంచి యాక్సిల్‌కు తిప్పుడు తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్ జాయింట్ కూడా అదే శబ్దం చేస్తుంది. జాయింటు పోతే యాక్సిల్ విప్పి కూర్చోవడం అన్యాయం.

ఇక హౌసింగ్. గొట్టాలు మధ్య గుండులో దిగే చోట, స్ప్రింగ్ కూర్చునే పీట దగ్గర శుభ్రంగా తుడిచి వెల్డింగు చూడండి, పగులు వెంట్రుకంత సన్నగా ఉండొచ్చు. వెనక ఒక టైరు లోపలి అంచో బయటి అంచో అదే పనిగా అరుగుతుంటే గొట్టం వంగిందేమో అలైన్‌మెంట్ మెషీన్ మీద కొలిపించండి. ఇవి ఉన్నాయంటే, రేసులు కూర్చునే చోట్లు అరిగాయంటే, నా మాట ఒకటే: మార్చేయండి.

ఈ బండిది సెమీ ఫ్లోటింగ్ యాక్సిల్. చక్రం బేరింగు రోలర్లు నేరుగా చక్రాన్ని తిప్పే షాఫ్ట్ మీదే తిరుగుతాయి. కుడి షాఫ్ట్ మీద గోరు అడ్డంగా లాగుతున్నాను... ఇదిగో, గోరు ఆగింది. గాడి పడింది. దీని మీద కొత్త బేరింగు వేసినా ఉపయోగం లేదు, షాఫ్ట్ కూడా మార్చాలి. పెద్ద లారీల్లో ఫుల్ ఫ్లోటింగ్ ఉంటుంది. అక్కడ బరువు మోసేది షాఫ్ట్ కాదు, హౌసింగ్ చివరి స్పిండిల్. బేరింగు లోపలి రేసు దాని మీద తిరిగి, స్పిండిల్ నీలం రంగుకు మారిందంటే హౌసింగ్ దెబ్బతిన్నట్టే.

మార్చడమూ అనుకున్నంత సులువు కాదు. ముందు రేషియో కలవాలి. క్రౌన్‌కు 41 పళ్లు, పినియన్‌కు 10 ఉంటే 4.1. ముందు యాక్సిల్‌కూ పవర్ వెళ్లే బండిలో, రెండు వెనక యాక్సిళ్లూ లాగే బండిలో, రేషియో తేడా ఉంటే ఒకదానితో ఒకటి పెనుగులాడి రెండూ పాడవుతాయి. వెడల్పు, స్ప్రింగ్ పీటల దూరం, బ్రేకుల సైజు, చక్రం వేగం కొలవడానికి ఉండే ఏబీఎస్ రింగు పళ్లు కూడా చూసుకోండి. పాత యాక్సిల్ కొంటే కవరు విప్పించి పళ్లు చూడనిదే తీసుకోవద్దు. క్రౌన్, పినియన్ బిగించి ఉండే క్యారియర్ విడిగా ఊడే రకమైతే, హౌసింగ్ బాగుంటే, సెట్ చేసిన క్యారియర్ అసెంబ్లీ ఒక్కటే తెచ్చి బిగించడం నాకు బాగా నచ్చిన దారి.

ఈ బండిలో హౌసింగ్ నిటారుగా ఉంది, రేసులన్నీ బిగువుగా ఉన్నాయి. కాబట్టి బాగు చేయిస్తున్నాను. క్రౌన్, పినియన్ జతగానే మారుస్తున్నాం, ఎందుకంటే ఆ రెండూ ఒకదానికొకటి అరగదీసి తయారుచేసిన జత. విడదీస్తే అరుస్తాయి. పని ఎవరికి ఇస్తున్నామన్నది కూడా నాకు ముఖ్యం. డయల్ గేజ్ పెట్టి రెండు గేర్ల పళ్ల మధ్య సందును, అంటే బ్యాక్‌లాష్ కొలిచేవాళ్లకే ఇవ్వండి. చాలా పికప్ యాక్సిళ్లలో అది మిల్లీమీటరులో పావు వంతు కూడా ఉండదు, చేత్తో కదిపి చెప్పగలిగేది కాదు. పళ్లకు రంగు పూసి తిప్పి, పళ్లు తగిలిన మచ్చ ఎక్కడ పడిందో చూపించమనండి.

బిగించే ముందు గొట్టాల లోపల గుడ్డ పెట్టి తుడిపించండి, ఇలాంటి ముక్కలు అక్కడే దాక్కుంటాయి. గాలి పోయే బ్రీదర్ మూసుకుపోయిందేమో ఊది చూడండి. ఈ బండిది మట్టితో నిండిపోయి ఉంది, సీళ్లు కారడానికి కారణం అదే. కొత్త గేర్లతో సుమారు 800 కిలోమీటర్లు తిరిగాక ఆయిల్ మళ్లీ దింపి, ఇదే ప్లగ్‌ను మీ ముందు పెడతాను.