వెనక బెంచీ మీద ఒక తోటి టీచర్

వేదిక మీది పెద్దలకు, తోటి ఉపాధ్యాయులకు నమస్కారం. అందరి పేర్లూ చదివితే నాకిచ్చిన టైం అందులోనే అయిపోతుంది, మన్నించాలి.

ఉపాధ్యాయులకు నిరంతర శిక్షణ ఎలా ఉండాలో మాట్లాడమన్నారు. దానికంటే ముందు ఒక క్లాసు సంగతి చెప్పాలి.

మా లెక్కల మేడం ఒకసారి ట్రైనింగ్ నుంచి వచ్చి, "వెనక కూర్చుని ఒక్క పని చేసిపెట్టండి సార్, ప్రశ్న అడిగాక నేను ఎంతసేపు ఆగుతున్నానో రాయండి" అన్నారు. కూర్చున్నాను. ప్రశ్న, వెంటనే ఒక పేరు, ఆ పిల్లాడు తడుముకునేలోపే జవాబూ ఆవిడదే. కాగితం చేతికిస్తే చాలాసేపు చూస్తూ ఉండిపోయారు.

ఇది ఆవిడ ఒక్కరి అలవాటు కాదు. మేరీ బడ్ రో అనే అమెరికన్ సైన్స్ విద్యావేత్త 1970లలోనే ఎన్నో క్లాసుల రికార్డింగులు విన్నారు. టీచర్లు ఆగేది సగటున ఒక సెకను. మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పెద్దవవుతాయి, ఎప్పుడూ నోరు విప్పనివాళ్లూ మాట్లాడతారు. జవాబు విన్నాక కూడా ఆగాలన్నారు ఆవిడ. మనం వదిలేసేది సరిగ్గా ఇదే!

కొన్నాళ్లకు మళ్లీ ఆ క్లాసుకే వెళ్లాను. "మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా?" అని అడిగారు మేడం. "నాలుగే కదా పెద్దది" అన్నాడొకడు. ఆవిడ తప్పనలేదు, ఒప్పనలేదు, ఆగారు. ఆ మూడు సెకన్లు టీచరుకు ఎంత టెన్షనో మీకు తెలుసు. కిటికీ పక్క అమ్మాయి మెల్లగా అంది: "ఎక్కువమందికి పంచితే ఒక్కొక్కరికి తక్కువే కదా వచ్చేది?"

ట్రైనింగులో విన్నది క్లాసులోకి వచ్చిందంటే ఇలా వచ్చింది. టీచర్ల శిక్షణ మీద పరిశోధించిన బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ 1980లలో చెప్పిందీ ఇదే: ఉపన్యాసం, డెమో, కాస్త సాధన చాలవు, తర్వాత క్లాసులో పక్కన ఒకరుండాలి. జపాన్‌లో టీచర్లు కలిసి ఒక పాఠం తయారు చేసుకుంటారు. ఒకరు చెబుతుంటే మిగతావాళ్లు పిల్లలను గమనిస్తారు, తర్వాత కూర్చుని చర్చిస్తారు.

మరి మనకు? గ్రూప్ వర్క్ గురించి పొద్దున్నుంచి సాయంత్రం దాకా వరసల్లో కూర్చోబెట్టి ఉపన్యాసం! స్లైడ్లు, సంతకం, సర్టిఫికెట్. ఆ తర్వాత మన క్లాసులో ఏం మారిందని అడిగే నాథుడు ఉండడు. నాకు దీని మీద చాలా కోపం ఉంది, దాచుకోను. నేర్చుకోవాలనే ఆశతో వచ్చిన టీచర్ల రోజులు అలా వృథా అవుతున్నాయి.

నిర్వాహకులు నిరంతర శిక్షణకు ప్రణాళిక కూడా చెప్పమన్నారు. అది పక్కన పెడతాను. ఇక్కడున్న ప్రధానోపాధ్యాయులను రెండే అడుగుతున్నాను. నెలకు ఒక్క పీరియడ్ ప్రతి టీచరునూ పక్క క్లాసులో కూర్చోనివ్వండి. అక్కడ రాసిన కాగితం పాఠం చెప్పిన టీచరు దగ్గరే ఉండనివ్వండి. అది ఫైల్లోకి ఎక్కిందంటే రేపటి నుంచి అందరూ మనకు చూపించేది ముందే బట్టీ పట్టించిన పాఠమే. ఒప్పుకునేవాళ్లు ఇప్పుడే చెప్పండి, నేను కూర్చుంటాను.