తూకం దగ్గరే మొదలయ్యే బౌట్: నెల్లూరు స్టూడియోలో చర్చ

వ్యాఖ్యాత: నమస్కారం. పిల్లలకు చాలా ఏళ్లుగా బాక్సింగ్ నేర్పుతున్న కోచ్ గారు, కూతురిని రింగ్‌లోకి పంపిన ఒక అమ్మ ఈరోజు మనతో ఉన్నారు. కోచ్ గారూ, రెండుసార్లు ప్రపంచ చాంపియన్ అయిన మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ పారిస్‌లో రెండో బౌట్‌కే ఎందుకు ఆగిపోయింది?

కోచ్: ముందు ఆమె కెరీర్‌ని కిలోల్లో చూడండి. 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ స్వర్ణం 52 కిలోల బరువు కేటగిరీలో. పారిస్ ఒలింపిక్స్‌లో ఆ కేటగిరీ లేదు, అందుకే 50కి దిగింది. ఆ బరువులోనూ బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ స్వర్ణం, 2023లో ఢిల్లీలో మళ్లీ ప్రపంచ స్వర్ణం గెలిచింది. కానీ పారిస్‌లో సీడింగ్, అంటే బలమైనవాళ్లు మొదట్లోనే తలపడకుండా ఇచ్చే ర్యాంకు, దక్కలేదు. ఫైనల్లో తగలాల్సిన టాప్ సీడ్, చైనా బాక్సర్ వు యు, రెండో బౌట్‌లోనే తగిలింది. ఐదుగురు జడ్జీలూ వు యుకే ఇవ్వడంతో నిఖత్ 5-0తో ఓడిపోయింది. చివరికి స్వర్ణం కూడా వు యుదే. 2025లో లివర్‌పూల్ ప్రపంచ పోటీలకి కేటగిరీ 51 అయింది. మూడేళ్లలో మూడు బరువులు!

వ్యాఖ్యాత: బయటినుంచి చూసేవాళ్లకి రెండు కిలోలే కదా అనిపిస్తుంది.

తల్లి: అలా అనుకోకండమ్మా. మా పాపకి అప్పుడు పదిహేనేళ్లు. మే నెల, మన నెల్లూరు ఎండ మీకు తెలియనిదా. రెండు స్వెటర్లు, పైన రెయిన్‌కోటు వేసుకుని పెన్నా గట్టున పరిగెత్తేది. ఇంటికొచ్చి చేతులు దించితే కోటులోంచి చెమట కారేది. నీళ్లు నోట్లో పోసుకుని, మింగకుండా ఊసేది. ఆ రోజు చేపల పులుసు పెట్టా. వాసన తట్టుకోలేక లేచి వెళ్లి అరుగు మీద కూర్చుంది. మర్నాడు తూకం సరిపోయింది గానీ రింగ్‌లో కాళ్లు ఆడలేదు.

కోచ్: అలా చేయమని ఎవరు చెప్పారమ్మా?

తల్లి: అప్పట్లో నేర్పిన సారే.

కోచ్: చాలా తప్పు. ప్రొఫెషనల్ అయితే సాధారణంగా ముందురోజు తూకమిచ్చి, తిని తాగి కోలుకుంటాడు. ఒలింపిక్స్ లాంటి అమెచ్యూర్ పోటీల్లో బౌట్ ఉన్న ప్రతి రోజూ పొద్దునే తూకం. నాలుగు రోజులు ఆడితే నాలుగు తూకాలు. నీళ్లు పిండేసిన ఒంటితో మూడు రౌండ్లు ఎలా ఆడుతుంది? తప్పుకునే చురుకు ఉండదు, దెబ్బలన్నీ తలకే. ఎదిగే పిల్లని పై కేటగిరీలో ఆడించాలి. అస్సాం బాక్సర్ లవ్లీనాని చూడండి. టోక్యోలో 69 కిలోల్లో కాంస్యం. ఆ కేటగిరీ తీసేస్తే 75కి వెళ్లి, 2023లో ప్రపంచ స్వర్ణం తెచ్చింది.

వ్యాఖ్యాత: పైకి వెళ్తే ఓడిపోతారేమో అని పేరెంట్స్‌కి టెన్షన్ ఉంటుంది కదా?

కోచ్: ఒకటి రెండేళ్లు ఓడిపోతారు. ఓడనివ్వండి.

తల్లి: మా పాప ఇప్పుడు 57లో ఆడుతోంది. పోయిన పోటీలో ఓడింది. తిరిగొచ్చేటప్పుడు రైల్లో పెరుగన్నం డబ్బా మొత్తం ఖాళీ చేసి, "అమ్మా, మూడో రౌండ్ దాకా కాళ్లు నిలబడ్డాయి" అంది.

కోచ్: ముఖానికి అడ్డంగా చేతులు పెట్టే గార్డు ఎలా ఉంది? ఎడమ చెయ్యి కిందికి దిగుతోందా?

తల్లి: దిగుతోంది సార్, అలిసిపోతే.

కోచ్: ఆదివారం పొద్దున తీసుకురండి. ఏమన్నా తినిపించి తీసుకురండి.